నేను చూడని ముద్దలు

ఆ రోజుల్లో నాకు అన్నీ కొత్తవే. రాష్ట్రం కొత్తది, కాపురం కొత్తది, ఉద్యోగం కొత్తది, ఆ ఉద్యోగానికి కట్టుకెళ్లే చీరలు కూడా పెళ్లిలో పెట్టినవే కాబట్టి అవీ కొత్తవే. పాతది ఒక్కటే ఉండేది: పళ్లెం ముందు కూర్చున్న పిల్లల నోట "నాకొద్దు" అనే మాట. అది ఎన్ని తరాల పాతదో తెలియదు గానీ, దాన్ని ఒక్క నెలలో మాన్పించేస్తానని, నకిరేకల్ నుంచి దేవరకొండ అవతలి ఆ చిన్న ఊరికి కోడలిగా వచ్చిన నేను గట్టిగా నమ్మాను. ఇరవై మూడేళ్ల వయసులో మనిషి నమ్మనిది ఏముంటుంది? (మా అత్తమ్మ మాత్రం అప్పుడే అన్నది: "ఇంట్ల మొగనికి సొరకాయ తినిపియ్య శాతకాదు గని, ఊరందరి పోరగాండ్లకు తినిపిస్తదట." నాకు వినపడాలనే అన్నది. వినపడింది.) అంగన్‌వాడీ టీచర్‌గా చేరిన కొత్తలో శిక్షణకు పోతే, అక్కడి పెద్ద మేడం "ప్రతి బిడ్డ మీదా ప్రత్యేక దృష్టి పెట్టాలి" అన్నారు. ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. ఆ గీతే నా తలరాత అవుతుందని అప్పుడు తెలియలేదు.

మా సెంటరంటే ఒక గది, ఒక వంటిల్లు, ముందు కాస్త మట్టి జాగా. పిల్లలు పద్దెనిమిది మంది. వంట చేయడానికీ, ముక్కులు తుడవడానికీ, నన్ను ఓర్చుకోవడానికీ కలిపి ఒకే ఒక్క ఆయమ్మ. గుడ్ మార్నింగ్ చెప్పమంటే పిల్లలు ముక్తకంఠంతో "గుడ్డు మార్నింగ్" అనేవారు. మార్నింగ్ పోయేది, మధ్యాహ్నం వచ్చేది, గుడ్డు మాత్రం పళ్లెంలోనే ఉండేది. ఒకడు తెల్లసొన తప్ప ముట్టడు, ఒకతె పచ్చసొన తప్ప ముట్టదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి లోకకల్యాణం చేసినంత సంబరపడ్డాను. నాలుగో రోజుకు ఇద్దరూ జుట్లు పట్టుకుని విడిపోయారు. ఇంకొకడు గుడ్డును నిక్కరు జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. ఎందుకురా అంటే, "మా కోడి కింద పెడత టీచర్, పిల్లయితది" అన్నాడు. ఉడికిన గుడ్డు పిల్ల కాదని అరగంట చెప్పాను. వాడు ఓపికగా అంతా విన్నాడు. మర్నాడు కూడా వాడి జేబు ఉబ్బెత్తుగానే ఉంది. అన్నానికి పప్పు తగిలితే అన్నం ఖరాబైందని ఏడ్చేవాడొకడు. ఇక ఆకుకూర సంగతి చెప్పనే అక్కర్లేదు: వాళ్ల లెక్కలో ఆకు మేకలది, కూర కోడిది, రెండూ కలిపి ఒకే మాట చేయడం పెద్దవాళ్ల మోసం.

వీళ్లందరూ ఒక ఎత్తు, నాలుగేళ్ల ఆ ఒక్క పిల్ల ఒక ఎత్తు. తెల్ల అన్నం తప్ప ఇంకేదీ తినదు కాబట్టి ఊరు దానికి పెట్టిన పేరు తెల్లబువ్వ. దాని తల్లీ తండ్రీ మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పోతూ, పిల్లను అవ్వ దగ్గర ఉంచారు. అన్నంలో చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నీళ్లు, అంతే దాని విందు. వేరే ఏది పెట్టినా పళ్లెంలోకి వంగి చూసి, "రంగున్నది" అనేది. అదే తీర్పు, దానిపై అప్పీలు లేదు. పప్పు రంగున్నది. క్యారెట్ రంగున్నది. మరి పాలకు రంగు లేదు కదే అంటే, "వాసనున్నది" అనేది. చేతులు చీపురుపుల్లలు. నెలనెలా పిల్లలను తూచి, ప్రతి పిల్ల పేరున ఉన్న పటంలో చుక్క పెట్టాలి: చుక్క ఆకుపచ్చ పట్టీలో పడితే క్షేమం, పసుపులో పడితే భయం, ఎరుపులో పడితే దవాఖాన. తెల్లబువ్వ చుక్క నేను వచ్చేసరికే పసుపులో ఉంది. మరుసటి నెలకు ఆ పసుపులోనే ఇంకాస్త కిందికి జారింది. ఇంకొక్కసారి జారితే ఎరుపే. రంగంటే గిట్టని పిల్ల బతుకు ఆ మూడు రంగుల మధ్యే ఇరుక్కుపోయింది, దాంతోపాటు నా నిద్ర కూడా.

ఊరుకుంటానా? క్యారెట్లను పూలలా కోశాను. ఆడపిల్లలు వాటిని జడల్లో పెట్టుకున్నారు. పాలకూరను సన్నగా తరిగి పప్పులో, పప్పును అన్నంలో దాచాను. తెల్లబువ్వ కంసాలి బంగారం రజను ఏరినట్టు ఒక్కొక్క మెతుకూ ఏరుకుని, మిగతాది నా వైపు నెట్టింది. ముద్దను విమానం చేసి గాలిలో తిప్పుకుంటూ తెచ్చాను. విమానం దిగాల్సిన చోటు పెదవులు బిగుసుకుపోయి, విమానం నా పెళ్లి చీర మీద కూలింది. "తోటకూర తింటే బలమొస్తది బిడ్డా" అన్నాను. "బలమెందుకు?" అన్నది. శిక్షణ నోటు పుస్తకం తిరగేశాను. (ఇప్పటికీ తిరగేస్తున్నాను.) ఆఖరికి దాని ఎదురుగా బాసింపట్టు వేసుకు కూర్చుని నేనే తిని చూపించడం మొదలుపెట్టాను. "అబ్బ! ఎంత మంచిగున్నదో!" అని లొట్టలు వేస్తూ, రెప్ప వేయకుండా దాని నోటి వైపే చూసేదాన్ని. అది ఆవలించడానికి నోరు తెరిచినా నా చెయ్యి ముద్దతో ముందుకు ఉరికేది. "టీచరమ్మా, నువు తినిపియ్యవడితివా, తినవడితివా?" అని ఆయమ్మ పొయ్యి దగ్గర నుంచి అడిగేది. ఆ నెలాఖరున సరదాకు కాంటా ఎక్కి చూసుకుంటే, సెంటరు మొత్తంలో మంచిగా బరువు పెరిగింది నేనొక్కదాన్నే అని తేలింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రిజిస్టర్ల పని నెత్తిన పడింది. పిల్లలకు వడ్డించే పని ఆయమ్మకు వదిలేసి, వాళ్లకు వీపు పెట్టి రాసుకుంటున్నాను. ఆ రోజు గంగవాయిలి కూర పప్పు. కాసేపటికి ఎందుకో వెనక్కి తిరిగాను. తెల్లబువ్వ మూతి నిండా పప్పు! తన పళ్లెంలోది కాదు, పక్క పిల్ల పళ్లెంలోంచి తీసుకుని, ఎవరి ధ్యాసా లేకుండా నమిలేస్తోంది. నేను చూస్తుండగానే నాలుగు ముద్దలు మింగింది. ఐదో ముద్దకు నేను ఆగలేకపోయాను. కెవ్వున అరిచాను, చప్పట్లు కొట్టాను, మిగతా పదిహేడు మందితోనూ కొట్టించాను. ఆయమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి, "ఊకో టీచరమ్మా, ఊకో!" అని చేతులు ఊపుతున్నా నాకు పట్టలేదు. ఫోన్ తీసి ఫొటో కొట్టి, తల్లుల వాట్సప్ గ్రూపులో పెట్టేశాను: "మన తెల్లబువ్వ ఈ రోజు రెండు గిన్నెల గంగవాయిలి పప్పు తిన్నది!!!" నాలుగు ముద్దలు రెండు గిన్నెలు ఎప్పుడయ్యాయని అడగకండి, సంతోషంలో కొలతలు అట్లా ఉబ్బుతాయి. సాయంత్రానికి ఫొటో ఊరంతా తిరిగింది. "అబ్బో, రెండు గిన్నెలే!" అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ సాయంత్రమే తెల్లబువ్వకు వాంతులు పట్టుకున్నాయి. (ఇంటికి పోతూ దోసెడు పచ్చి రేగుకాయలు మెక్కిందని ఆయమ్మ తర్వాత కనిపెట్టింది. మరి రేగుకాయకు రంగు లేదా అని అడగాలనిపించింది గానీ, అప్పటికి నేను ప్రశ్నలు అడిగే స్థితిలో లేను.)

తెల్లవారి సెంటరు తెరిచేసరికి అవ్వ గుమ్మంలో ఉంది. చేతిలో కాగితపు పొట్లం, ముఖంలో రోహిణి కార్తె.

"టీచరమ్మా, జర కాలు లేపు."

కాలి కింద ఏదో పడిందేమోనని లేపాను. అవ్వ వంగి, నా పాదం ఉన్న చోట గోటితో గీకి, వట్టి వేలు పైకెత్తి చూసుకుంది.

"మన్నేది?"

"ఏం మన్ను అవ్వా?"

"నీ కాలి కింది మన్ను. ఉప్పు, మిరపకాయలు తెచ్చుకున్న. నీ కాలి మన్ను గూడ కలిపి పొయ్యిలెయ్యాలె. పొల్ల పేగులు బయటవడేటట్టు కక్కింది. నీ కన్నే తాకింది."

"దిష్టి" అన్నది ఆయమ్మ నా చెవిలో, నాకు తెలియదన్నట్టు. నకిరేకల్‌లో మాత్రం దిష్టి లేదా? ఉంది. కాకపోతే అక్కడ ఎప్పుడూ నాకే తగిలేది, నేను ఎవరికీ పెట్టినదాన్ని కాదు. ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే సెంటరు నేల సిమెంటుది, పైగా శుభ్రత మీద పట్టుదల కొద్దీ నేను దాన్ని రోజుకు రెండుసార్లు తుడిపించేదాన్ని. "గింత సాపుగ తుడుస్తె మన్నెట్ల దొరుకుతది?" అని విసుక్కుని, అవ్వ నన్ను రెక్క పట్టుకుని బయటి మట్టి జాగాలోకి తీసుకుపోయి, "ఇగ నడువు" అంది. నడిచాను. "గట్ల సుతారంగ గాదు, అడుగు వడాలె!" గట్టిగా నడిచాను. పిల్లలు ఇదేదో కొత్త ఆటనుకుని నా వెనక బారు కట్టి, దబదబా అడుగులేస్తూ నడిచారు. నా అడుగుల మీద పదిహేడు జతల అడుగులు. అవ్వ నెత్తి పట్టుకుంది: "అయ్యో, గిండ్ల టీచరమ్మ మన్నేది, పోరగాండ్ల మన్నేది?" పిల్లలను లోపలికి తోలి, తలుపు దగ్గరికేసి, నన్ను మళ్లీ నడిపించింది. డిగ్రీలో హోంసైన్స్ చదివి, పోషక విలువల పట్టికలు కంఠతా పట్టిన నేను, నా పాదధూళి తీసుకుంటున్న మనిషి ముందు నేరస్తురాలిలా నిలబడ్డాను. పాదధూళి ఇంత అవమానకరంగా ఉంటుందని ఏ గురువూ చెప్పలేదు.

పొట్లం కొంగుకు ముడేసుకుంటూ అవ్వ అన్నది: "తినేదాని దిక్కు చూడొద్దు బిడ్డా. చూసినా జెప్పొద్దు. నువు చూసినవ్, కేకలేసినవ్, ఫొటో కొట్టినవ్, ఊరందరి కండ్లల్ల వెట్టినవ్. నా పొల్ల ఇగ నీ తానికి రాదు."

రాలేదు కూడా. పొయ్యిలో మిరపకాయలు వేస్తే ఒక్కరికీ దగ్గు రాలేదనీ, ఘాటు రాలేదంటే దిష్టి అంత పెద్దదనీ ఆయమ్మ కబురు తెచ్చింది. నా నేరానికి అది రుజువు. ఆ రోజు నుంచి పిల్లలు చెంపల మీద కాటుక బొట్లతో రావడం మొదలైంది. మొదటి రోజు శనగగింజంత, మూడో రోజు రూపాయంత. ఒక తల్లి అయితే కొడుకు నెత్తి మీద తువ్వాల కప్పి, దాని కిందే తినమని చెప్పి పోయింది. మేడం దృష్టి పెట్టమంటే నేను దిష్టి పెట్టినట్టయింది. మా అత్తమ్మ కూడా, నేను ఎదురుగా కూర్చున్నప్పుడు, మా ఆయన పళ్లెం మెల్లగా అవతలికి జరిపింది. (ఫ్యాను గాలి కోసమని ఇప్పటికీ అంటుంది.) ఇవన్నీ నవ్వుకోవచ్చు. నవ్వు రానిది ఒక్కటే: నెలాఖరు దగ్గర పడుతోంది, ఆ పిల్ల ఇంట్లో ఉప్పు నీళ్ల అన్నం తింటోంది, పటంలో ఆ చుక్క ఎరుపు గీత అంచున వేలాడుతోంది. చేసింది నేను.

"రేగుకాయలని చెప్పరాదు ఆయమ్మా అవ్వకు!" అని ఒక మధ్యాహ్నం నేను కోపంగా అన్నం ముందు కూర్చున్నాను.  ఆయమ్మ నా ఎదురుగా వచ్చి, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, నా నోటి వైపు చూస్తూ కూర్చుంది. ముద్ద ఎత్తితే ముద్దతోపాటు ఆమె కళ్లూ లేచాయి. నమిలితే నా దవడ వెంటే కదిలాయి. "ఆ... మింగు... మంచిగున్నదా? బలమొస్తది, మింగు" అన్నది. మూడో ముద్ద నా గొంతులో అడ్డంపడింది.

"ఏంది ఆయమ్మా, గట్ల చూస్తే ఎట్ల తినను?"

"గదే గదా," అన్నది ఆయమ్మ లేస్తూ. "గిన్ని దినాలు ఆ పొల్ల గూడ గదే అనవట్టె. నీకినవడలే."

ఆ సాయంత్రం అవ్వ ఇంటికి పోయాను. అవ్వ అరుగు మీద కందులు చెరుగుతోంది. తెల్లబువ్వ తలుపు చాటు నుంచి ఒక కన్నుతో చూసింది. నేను జాగ్రత్తగా ఆ వైపు చూడకుండా నిలబడ్డాను.

"అవ్వా, పిల్లను పంపు. దాని దిక్కు చూడను."

"గోడ దిక్కు మొకం వెట్టి కూసుంటవా?"

"కూసుంట."

"సప్పట్లు?"

"కొట్ట."

"ఫొటో?"

"ఫోన్ ఇంట్లనే వెట్టొస్త."

అవ్వ చాట ఒకసారి ఎగరేసి, పొట్టు ఊది, చివరి షరతు పెట్టింది: "మల్లి సూస్తివా, ఆ పూటకే బందు. ఆయమ్మనడుగుత."

అలా మొదలైంది నా గోడవాసం. అన్నం వేళ కాగానే కూరగాయల బొమ్మలు అంటించిన గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆ బొమ్మల్లోని బీరకాయను చూసినంతగా నేను కొత్త పెళ్లికొడుకును కూడా చూడలేదు. వీపు వెనక లోకమంతా చప్పుళ్లే. గుడ్డు పెంకు నేలకేసి కొట్టిన చప్పుడు. ఎవరో జుర్రిన చప్పుడు. మూడో రోజో నాలుగో రోజో, తెల్లబువ్వ గొంతు:

"గదేంది?"

"పుంటికూర. మస్తు పుల్లగుంటది," అని జేబుగుడ్డు పిల్లవాడి గొంతు. "నీకియ్య."

"జరంత ఇయ్యి."

"ఇయ్య!"

ఇవ్వనన్న ఆ "ఇయ్య"లో ఉన్న మహిమ నా విమానాల్లో లేదు. తర్వాత పెనుగులాట, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఏం జరుగుతోందో చూడాలని నా మెడ నరాలు తాళ్లలా లాగాయి. బీరకాయను గట్టిగా చూశాను. పళ్లేలు తీసేటప్పుడు "తిన్నదా?" అని ఆయమ్మను కనుబొమలతో అడిగితే, "నాకేం తెల్వదు, నేను సూడలే" అని గిన్నెలు తోముతూ తప్పించుకునేది. రోజుకు పద్దెనిమిది పళ్లేలు ఖాళీ అవుతున్నాయి. ఎవరిది ఎవరు ఖాళీ చేస్తున్నారో మాత్రం దేవుడికీ ఆయమ్మకూ తెలియాలి.

ఈ తపస్సు మధ్యలో మా సూపర్‌వైజర్ మేడం తనిఖీకి వచ్చారు. గుమ్మంలో నిలబడి, గోడకు ముఖం పెట్టి కూర్చున్న నన్ను చూసి, "ఏమ్మా, పిల్లలు నీకు పనిష్మెంట్ ఇచ్చారా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు పిల్లలంతా ఒకే గొంతుతో, "టీచర్ సూడొద్దు! సూస్తె కన్ను తాకుతది!" అన్నారు. నా ఉద్యోగం ఆ గోడకే మేకు కొట్టినట్టు ఆగిపోయిందనుకున్నాను. "మేడం, దయచేసి మీరు కూడా అటు చూడకండి, ఇటు వచ్చి కూర్చోండి, చెప్తాను" అన్నాను. ఏమనుకున్నారో, వచ్చి నా పక్కనే గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కథంతా గుసగుసగా చెప్పాను. మేడం టమాటా బొమ్మ వైపే చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు: "మా బాబు కూడా ఏదీ ముట్టడమ్మా. ఇట్లా ఎన్ని రోజులు కూర్చోవాలి?"

నెలాఖరు రానే వచ్చింది. తూకం రోజు అవ్వ స్వయంగా పిల్లను ఎత్తుకొచ్చింది. కాటుక బొట్టు చెంప మీద ఒకటి, అరికాలిలో ఒకటి. కాంటా మీద నిలబెట్టేముందు అవ్వ నా చెయ్యి పట్టుకుని, "బయటికనకు" అన్నది. తల ఊపాను. కాంటా మీద అంకెను ఒకసారి చూశాను. నమ్మలేక పిల్లను దించి, మళ్లీ ఎక్కించి చూశాను. పటం తీసి చుక్క పెట్టాను. ఎరుపు అంచు వదిలి, పసుపు పట్టీలోనే పైకి, ఆకుపచ్చ గడప వైపు ఒక కాలు ఎత్తి. గొంతులోకి వచ్చిన కేకను నీళ్లు లేకుండా మింగాను.

అవ్వ నా ముఖంలోకే చూస్తోంది. "ఎట్లున్నదే?"

"ఏమున్నదవ్వా," అన్నాను పెదవి విరిచి. "ఎప్పటి లెక్కనే ఉన్నది. ఏం పెరగలే. ఒట్టి పుల్ల."

 అవ్వ ముడతల మధ్య ఎక్కడి నుంచో నవ్వు మొదలై చెవుల దాకా పోయింది. "గట్లనే ఉండనీయ్ తియ్యి," అని పిల్లను చంకనేసుకుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నువు గూడ జర తిను టీచరమ్మా, మెడ గుంజుకపోయింది," అన్నది. అది తిట్టో దీవెనో అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు తెల్లబువ్వ హైస్కూలుకు పోతోంది. పుంటికూర లేనిదే ముద్ద ఎత్తదని అవ్వే గొణుగుతుందట, నేను వినేంత దూరంలో ఉన్నప్పుడు మాత్రం అనదు. ఇన్నేళ్లలో ఎందరో పిల్లలు నా చేతి మీదుగా పెరిగారు. కొత్త టీచర్లు వస్తే, పిల్లలకు అన్నం తినిపించడం ఎలాగో చెప్పమని నన్నే పిలుస్తారు. ముందు నిలబడి మాట్లాడుతుంటే, గోడ వైపు తిరిగి, పెళ్లి చీర కొంగు నోట్లో కుక్కుకుని, వెనక్కి తిరగకుండా తనతో తానే కుస్తీ పడుతున్న ఆ ఇరవై మూడేళ్ల పిచ్చి పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఎంత అల్లాడిందో! నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకోగల పని ఒకే ఒక్కటి జరిగింది, అది జరుగుతున్నంత సేపూ నేను బీరకాయనే చూస్తూ కూర్చున్నాను.